తాళం తప్పినా లేచిపోని శ్రోతలు

ప్రయోగ సంగీతం మాట ఎత్తగానే మనవాళ్లు రెండు ప్రశ్నలు వేస్తారు. ఇదీ ఒక సంగీతమేనా? దీనికి డబ్బిచ్చేదెవరు? మొదటిదాని మీద దేశదేశాల పండితులు బోలెడు కాగితం ఖర్చుపెట్టారు, దానికి నేనో దస్తా కలపను. రెండోదాన్నే పట్టుకుంటాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకంగా పడని అనంతపురం నుంచి చూస్తే ముందు కనబడేది ఆ ప్రశ్నే.

కొత్తవారికి నాలుగు మాటలు. ముందే కట్టిన పాట, ఒప్పుకున్న రాగం, లెక్కపెట్టుకున్న తాళం: ఈ మూడింటిలో ఏదో ఒకటి, ఒక్కోసారి మూడూ పక్కనపెట్టి, అప్పటికప్పుడు పుట్టే ధ్వనితో కచేరి నడిపించడం ఈ బాణీ. వాద్యం మామూలుదే కావచ్చు, దాన్ని వాయించే తీరు మారుతుంది. లండన్‌లో 1965లో మొదలైన ఏఎంఎం బృందంలో కీత్ రో గిటారును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి వాయించాడు. అదే బృందంలోని ఎడ్డీ ప్రెవో తాళాలను, పెద్ద కంచు పళ్లేన్ని ఫిడేలు కమానుతో రాసి మోగించాడు. పాట మొదలెప్పుడైందో అయిపోయిందెప్పుడో శ్రోతకు తెలియకపోవచ్చు, వాయించేవాళ్లకే ఒక్కోసారి తెలియదు.

ఇలాంటి సంగీతాన్ని సినిమా మోయదు, పెళ్లి మోయదు, గుడి మోయదు. అందుకే పుట్టిన ప్రతిచోటా వాయించేవాళ్లే గది వెతుక్కున్నారు. ఆ 1965లోనే షికాగో దక్షిణ పేటల్లో నల్లజాతి సంగీతకారులు పియానో వాద్యకారుడు మ్యూహల్ రిచర్డ్ ఏబ్రమ్స్ తదితరుల చొరవతో ఒక సంఘం పెట్టుకున్నారు, పేరు ఏఏసీఎం. లాభం కోసం కాదని రిజిస్టరు చేయించారు. సభ్యులు తమ సొంత రచనలే వాయించాలన్నది నియమం. పేటలోని పిల్లలకు ఉచితంగా పాఠాలు చెప్పారు. న్యూయార్క్‌లో 1978లో మొదలైన రూలెట్ వేదిక ట్రాంబోన్ వాద్యకారుడు జిమ్ స్టేలీ ఉంటున్న ఇంటి అంతస్తే. లండన్‌లో 2008లో తెరిచిన కాఫే ఓటో పగలంతా కాఫీ అమ్మి రాత్రి కచేరీలు నడుపుతుంది. వీటిలో షికాగో కథే మనకు పనికొచ్చేది. కడుపు నిండినవాళ్ల ముచ్చట ఇదంతా అని ఎవరైనా అంటే, పని దొరకని పేటలో, క్లబ్బులు మూతపడుతున్న రోజుల్లో, తమ వేదిక తామే కట్టుకున్న వాళ్లను చూపించవచ్చు.

మన దేశంలో ఈ కథకు విచిత్రమైన ఆరంభం ఉంది. అహ్మదాబాద్ సారాభాయి కుటుంబపు గీతా సారాభాయి 1946లో న్యూయార్క్ వెళ్లి అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కు మన సంగీతం గురించి చెప్పింది, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. కేజ్ ఆలోచన మలుపు తిరగడంలో ఆ సావాసానికి వాటా ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. 1969లో కేజ్ సహచరుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజరుతో ఎలక్ట్రానిక్ స్టూడియో నెలకొల్పాడు. గీతా సారాభాయి, అతుల్ దేశాయి, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అక్కడ పనిచేశారు. నాలుగేళ్లు తిరక్కుండా ఆ పని ఆగిపోయింది. టేపులు బీరువాల్లో పడి ఉండి, చివరికి 2023లో రికార్డుగా బయటికొచ్చాయి. యంత్రముంది, చదువుకున్న మనుషులున్నారు, గోడలున్నాయి. వారం వారం వచ్చి వినే పదిమంది ఊరివాళ్లు లేరు. సంస్థ ఇచ్చిన గదిని సంస్థ ఎప్పుడైనా వేరే పనికి వాడుకుంటుంది, ఆ గదిని కాపాడుకోవాలనే పట్టుదల దానిలో కూర్చుని విన్నవాళ్లకే ఉంటుంది.

ఇక తెలుగు నేల. ఆశువు మనకు కొత్త కాదు, పైగా అందులో మనకు మహా గర్వం. డెరెక్ బెయిలీ అనే ఆంగ్ల గిటారిస్టు 1980లో ఆశు సంగీతం మీద పుస్తకం రాస్తే మొదట తీసుకున్నది భారతీయ సంగీతాన్నే. రాగాలాపన, తానం, నెరవల్, కల్పనస్వరం అన్నీ అప్పటికప్పుడు పుట్టేవే. ఆదిభట్ల నారాయణదాసు చేతులతో, కాళ్లతో, తలతో అయిదు తాళాలు ఒకేసారి నడిపాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనే 1919లో విజయనగరం సంగీత పాఠశాలకు మొదటి అధిపతి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగేసి, మూడేసి స్వరాలతో లవంగి, మహతి, సర్వశ్రీ వంటి రాగాలు కడితే, అయిదు స్వరాలైనా లేకుండా రాగమేమిటని, అసలు కొత్త రాగం ఎవరైనా పుట్టిస్తారా అని వీణ ఎస్. బాలచందర్ బహిరంగంగా తగవుకు దిగాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ పట్టుకుని 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరి చేశాడు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు, 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి కర్ణాటక సంగీతమనీ మరొకటనీ చెప్పలేని రికార్డు చేశాడు. బెర్లిన్ పిలిచిన పిల్లాడికి అలాంటి ప్రయోగం సొంత జిల్లాలో, యాభైమంది ముందు, నెలనెలా చేసి చూసుకునే చోటుందా అని అడిగితే జవాబు లేదు.

ఎందుకు లేదు అన్నదే ఈ సమీక్షలో నాకు తట్టిన విషయం. మన ఆశుకళలన్నీ పరీక్ష రూపంలో ఎదిగాయి. అవధానంలో పృచ్ఛకుడు నిషిద్ధాక్షరి వేస్తాడు, అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతాడు, అవధాని గట్టెక్కితే సభ లేచి నిలబడుతుంది. కల్పనస్వరంలో లెక్క సరిపోయి ఎడుపు మీద, అంటే పాట ఎత్తుకునే చోట, సరిగ్గా వాలితే చప్పట్లు, ఒక అక్షరం అటూ ఇటూ అయితే ముందు వరసలో తొడ మీద తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి ఆగిపోతుంది. ఆ చెయ్యి ఆగడం వాయించేవాడికి వెయ్యిమంది ఈలలకన్నా గట్టిగా వినిపిస్తుంది. ఈ పద్ధతిని నేను తక్కువ చేయను. దానివల్లే మన మృదంగ విద్వాంసులు ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు. కానీ గెలుపు ఓటములు ముందే తేల్చిపెట్టిన చోట, ఎటు పోతుందో తెలియని దారి పట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. సభలు కూడా అలాగే ఏర్పడ్డాయి. మన ఊళ్ల సంగీత సభలు లాభం కోసం నడిచేవి కావు, నిజమే. చందాలేసుకుని, ఇంట్లో భోజనం పెట్టి, విద్వాంసుణ్ణి స్టేషనుకెళ్లి తీసుకొచ్చే రసికుల చేతిలో అవి బతికాయి. ఆ రసికుడికి తెలిసిన కీర్తన కావాలి. కళాకారుడు అక్కడ అతిథి, ఏం వినాలో తేల్చేది కార్యదర్శి.

కళాకారులే నడిపిన సభ మాటకొస్తే, ఈ పీఠభూమికి పాత చరిత్ర ఒకటుంది. జనం దాన్ని నాటకాల ఖాతాలో రాసి మరిచిపోయారు. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. ధర్మవరంలో పుట్టిన రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలుగా ఉంటూ 1886లో సరస వినోదినీ సభ పెట్టాడు. రాసేదీ, పాడేదీ, వేషం కట్టేదీ సభ్యులే, డబ్బు కోసం ఆడలేదు. దుఃఖాంత నాటకం మన సంప్రదాయంలో లేదని అందరూ అనుకునే రోజుల్లో ఆయన విషాద సారంగధర ఆడించాడు. నాటకంలో పాటలకు అంత చోటివ్వడం కూడా ఆయనతోనే ఊపందుకుంది. పోటీగా కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిచింది, తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ ఈ వాతావరణంలోంచే వచ్చాడు. ఒక కరువు సీమ పట్నంలో పోటాపోటీగా రెండు కళాకారుల సంఘాలు! దీన్ని ప్రయోగమనక ఏమనాలి? దాని పరిమితి కూడా కళ్ల ముందే ఉంది. వకీళ్లు కాబట్టి పగలు కోర్టు సంపాదన రాత్రి నాటకాన్ని పోషించింది. కోర్టు లేనివాడి కళకు ఆ సభలో చోటు లేదు.

అలాగే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో ఇదే జిల్లా రాళ్లపల్లిలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి, తర్వాత తిరుపతిలో అన్నమయ్య రాగిరేకులతో కుస్తీ పట్టాడు. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. పాట ఎలా నడిచిందో చెప్పే మనిషి ఎవరూ మిగల్లేదు. ఆయన కట్టిన స్వరాలు ఈరోజు మనకు అనాదిగా ఉన్నట్టు వినిపిస్తాయి. 1974లో సంగీత కళానిధి బిరుదు వచ్చినప్పుడు ఆయనను సంప్రదాయ పండితుడిగానే గౌరవించారు. నా లెక్కలో ఆయన ఆధారం లేని చోట ఊహతో ధ్వని నిలబెట్టిన ప్రయోగకారుడు. ఆ ప్రయోగానికి గది దేవస్థానం ఇచ్చింది, అది దేవుడి పాట కాబట్టి.

ఇప్పుడు జిల్లా పల్లెల్లోకి రండి. ఇక్కడ సంగతి మరోలా ఉంది.

ఉరుము వాద్యం చూడనివారి కోసం చెబుతాను. రెండు మూతుల చర్మవాద్యం. ఒక పక్క కర్రతో కొడతారు, మరో పక్క వంపు తిరిగిన కర్రతో చర్మాన్ని రాస్తారు. ఆ రాపిడికి దెబ్బకు దెబ్బకు నడుమ ఒక మూలుగు లాంటి, సాగే ధ్వని పుడుతుంది. దానికి స్వరస్థానం చెప్పలేరు, ఎత్తు పల్లం మాత్రం ఉంటుంది. అనంతపురం సీమలో చౌడమ్మ, అక్కమ్మ దేవతల కొలుపుల్లో దళిత కుటుంబాల కళాకారులు తరతరాలుగా దీన్ని వాయిస్తున్నారు. గుండ్రంగా తిరుగుతూ, ఆగుతూ, ఒకరు మొదలెట్టినదాన్ని మరొకరు అందుకుంటూ, పూనకం వచ్చేదాకా లాగుతారు. ఎంతసేపన్నది దేవత దిగే వేళను బట్టి. ప్రెవో కంచు పళ్లేన్ని కమానుతో రాస్తే లండన్‌లో అదొక ఆవిష్కరణ. చర్మాన్ని కర్రతో రాయడం ఇక్కడ కొలుపు పని, దానికి టిక్కెట్టు లేదు, విమర్శకుడు లేడు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాటదీ అదే దారి. 2022 జిల్లాల విభజనతో ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, ఆట మాత్రం మనదే. తెర వెనక హార్మోనియం, మద్దెల, తాళాలు, కాలి గజ్జెలు. యుద్ధం వచ్చినప్పుడు కాలికింద చెక్కను తొక్కితే తెర ఇవతల వాళ్లకు గుండె అదురుతుంది. రామాయణం కథ ఖాయం. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే హాస్యగాళ్లు మాత్రం ఆ ఊరి సర్పంచి మీద, ఆ ఏటి పంట మీద అప్పటికప్పుడు అల్లుతారు. జనం నవ్వితే సాగదీస్తారు, నవ్వకపోతే లంకకు పోతారు. అక్కడ తప్పు దొర్లినా పరీక్ష పోయినట్టు కాదు, ఆ తప్పునే పట్టుకుని కేతిగాడు ఇంకో పావుగంట నడుపుతాడు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈరోజు అక్కడి కుటుంబాలకు ఆటకన్నా ఎక్కువ కూడు పెడుతున్నవి తోలుతో చేసి అమ్మే దీపపు తొడుగులు. మైలారలింగడి భక్తులైన గొరవయ్యల డమరుకం, పిల్లనగ్రోవి కూడా ఇదే వరసలోవి, వాటి గురించి వేరే వ్యాసం రాయాలి.

మనోధర్మమని ఒకరి ఆశువుకు పేరు పెట్టి, జానపదమని మరొకరి ఆశువును అటక మీద పెట్టడం మన అలవాటు. కులం ఇందులో ఎంత పనిచేసిందో విడమర్చి చెప్పక్కర్లేదు. చెన్నైలో కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ ఊరూరు ఓల్కాట్ కుప్పం అనే జాలరి పల్లె ఇసుకలో కచేరీలు పెట్టడం, ఎల్లమ్మ భక్తులైన జోగప్పలతో ఒకే వేదిక మీద పాడటం ఈ గోడను గుద్దడానికే. జోగప్పలు కర్ణాటక, తెలుగు సరిహద్దు సీమల మనుషులే కాబట్టి మనకది దూరపు సంగతి కాదు. ఆ ప్రయత్నాల్లో నాకొక చిన్న పేచీ ఉంది: కేంద్రంలో ఎప్పుడూ శాస్త్రీయ గాయకుడే ఉంటాడు, పిలిచేవాడు ఆయన, వచ్చేవాళ్లు వాళ్లు. అయినా ఏమీ లేనిదానికన్నా వెయ్యి రెట్లు నయం.

ప్రభుత్వ ఉత్సవాల సంగతి అంతకన్నా కష్టం. లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద తుంబురుడు, మద్దెల వాయించే బ్రహ్మ, మూడు కాళ్ల భృంగి రాతిలో ఆడుతుంటారు. ఆ ఊరి పేరున జరిగే ఉత్సవాల్లో జానపద బృందాలకు దక్కేది మంత్రిగారు రాకముందు కాసేపు, ఊరేగింపులో ఇంకాసేపు. రాత్రంతా సాగాల్సిన ఉరుమును పది నిమిషాలకు కుదిస్తే మిగిలేది గంతులూ, వేషమూ. ఆ వాద్యం అసలు పని మొదలయ్యేది చెవి అలిసిపోయాక, దెబ్బల లెక్క మరిచిపోయాక. అంతసేపు ఎవరూ ఉండనివ్వరు. వేదిక మీది వ్యాఖ్యాత ఆ లోపు మూడుసార్లు మైకు అందుకుంటాడు. అనంతపురం పట్నంలో లలితకళా పరిషత్తు దశాబ్దాలుగా నాటకాలకు, కచేరీలకు, పోటీలకు చోటిస్తోంది. ఊరికి అది చేసిన మేలు గొప్పది. కానీ నాటక పోటీల నీడలో పెరిగిన ఏ హాలైనా సరే, ఎత్తైన వేదిక, ముందు వరస కుర్చీలు, ముఖ్య అతిథి లేకుండా ఆలోచించలేదు.

దగ్గర్లో వేరే నమూనాలున్నాయా? రెండు వందల పై చిలుకు కిలోమీటర్ల దూరంలో బెంగళూరులో చిత్రకారుడు సురేశ్ జయరామ్ తన ఇంటినే 1శాంతిరోడ్ పేరుతో కళాకారుల బసగా, ప్రదర్శనశాలగా నడిపాడు. బొమ్మల మధ్య, నేల మీద కూర్చుని వింత ధ్వనులు వినే కచేరీలకు అలాంటి చోట్లే ఆ నగరంలో ఆసరా. మన జిల్లా కుర్రాళ్లు చదువుకో, ఉద్యోగానికో రైలెక్కేది ఆ నగరానికే, వాళ్లలో కొందరు లాప్‌టాప్‌తో ధ్వని చేయడం నేర్చుకునేది అక్కడే. ఇటు హైదరాబాదులో బంజారాహిల్స్‌లోని లామకాన్. ఫొటోగ్రాఫర్ మొయిద్ హసన్ ఇంటిని 2010లో బహిరంగ సాంస్కృతిక వేదికగా మార్చారు. టీ, సమోసా చవక, వేదిక అద్దె తక్కువ, నాటకమైనా కవిత్వమైనా గజల్ అయినా చర్చ అయినా తేదీ దొరికితే చాలు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి గదికి అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ఇదే, దాని నిలకడ మెచ్చుకోవాలి. అయితే అది పౌరులు నడిపే వేదిక, సంగీతకారులు నడిపేది కాదు. అందుకే అక్కడ సంగీతానికి వచ్చే వాటా మిగతావాటితో సమానం, ప్రయోగానికి వచ్చేది అందులో చిటికెడు. పైగా ఆరుబయట టీ కప్పుల మధ్య గుసగుసలాంటి ధ్వనిని వినిపించలేరు. మా ఊళ్లో అలాంటి గది పెడితే లామకాన్ నుంచి ఒక్కటి మాత్రం అరువు తెచ్చుకుంటాను: తలుపు దగ్గర ఎవరినీ మీరెవరని అడగకపోవడం.

పెట్టడానికి ఎంత కావాలి? కాగితాల వరకు సులువు. ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు చేరితే సంఘం అవుతుంది. ఆదాయపు పన్నులో మినహాయింపులు తెచ్చుకుంటే విరాళమిచ్చేవాడికీ ఊరట. అసలు ఖర్చు గది, కరెంటు, కళాకారుడి కూలి. రేకుల కప్పు పనికిరాదు: పగలంతా కాలిన రేకు సాయంత్రం చల్లారుతూ టకటకమంటుంది. అది బాగుంటుందనే ప్రయోగకారులు కూడా ఉంటారు, అది వేరే మాట. మిద్దె ఇల్లయితే మేలు, గోడల మందానికి ఉరుము మోత వీధిలోకి తక్కువ పోతుంది. ఫ్యాన్లు ఆపేసి వినగలిగేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అదే ఏటి కచేరీల కాలం కావాలి. వేరుశెనగ పంట చేతికొచ్చాక కొలుపులు, జాతరలు పెట్టుకునే పల్లె లెక్కలు కూడా చూసుకోవాలి, లేకపోతే ఉరుముల బృందం పట్నానికి రాలేదు. పంట పోయిన ఏడు జాతర ఖర్చు తగ్గుతుంది. ఆ ఏడే గది కూలి వాళ్లకు అక్కరకొస్తుంది. జంపకాణా చాలు, కుర్చీలు మోకాళ్ల నొప్పులవాళ్లకు మాత్రం. మైకు అవసరం లేదు. శాలువాలు ఎవరికీ కప్పరు. ఆ డబ్బుతో ఇంకో కళాకారుణ్ణి పిలవచ్చు.

ఎవరొస్తారు? మొదటి ఏడాది ఇరవై మంది, అందులో సగం వాయించేవాళ్ల స్నేహితులు. లండన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ మొదట అంతే. జనం రావడం లేదని నెలలోపు ఒక సినిమా పాటల రాత్రి పెట్టారంటే ఆ గది కథ అక్కడితో సరి. ఆ పాటలు బయట అంతటా దొరుకుతున్నాయి, గదే అక్కర్లేదు. ఇంకో ప్రమాదం మంచివాళ్ల వల్ల వస్తుంది. కరువు జిల్లా అనగానే దాతలు కళను అవగాహన కార్యక్రమంగా మార్చమంటారు. నీటి పొదుపు మీద ఉరుము, పోషకాహారం మీద తోలుబొమ్మ. నినాదాలు మోయడం ఈ కళలకు అలవాటే, చేయగలవు కూడా. అందుకు వేరే వేదికలు ఉన్నాయి.

నా మటుకు మొదటి కచేరి పేరు పోస్టరు మీద ఇలా వేస్తాను: ఇద్దరు ఉరుముల కళాకారులు, బెంగళూరు నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రానిక్ వాద్యకారుడు, గంటన్నర, విరామం లేదు. అమ్మవారు లేకుండా ఉరుము వాయించడం వాళ్లకు ఇష్టమో కాదో ముందు అడగాలి. కాదంటే ఆ రోజుకు ఉరుము లేదు, వాళ్లు ఒప్పుకున్న చోటికి, ఒప్పుకున్న రాత్రికి మిగతా ఇరవై మందీ వెళ్లి వింటారు. ఒప్పుకుంటే ముగ్గురి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో పడాలి, తలుపు దగ్గర డబ్బాలో పడిన డబ్బు ముగ్గురూ సమంగా పంచుకోవాలి. ఆ రాత్రి రికార్డింగు ఎవరిదన్నది, రేపెవరైనా దాన్ని సినిమాలో వాడుకుంటామంటే అడగాల్సింది ఎవర్నన్నది సంఘం మొదటి సమావేశం మినిట్స్‌లోనే రాసుకోవాలి.